అందరికీ తెలిసిన గొంతు

మార్చి 3, మంగళవారం

ఎలక పాత లెక్కల పుస్తకంలో వెనక ముప్పై కాగితాలు ఖాళీగా మిగిలాయి. అడిగి తీసుకున్నాను. "నీక్కూడా హోంవర్కు ఇచ్చారా పిన్నీ?" అంది. అక్క కూతురికి ఆ ముద్దుపేరు ఊరికే రాలేదు. ఇంట్లో ఏ మూల ఏ మాట అనుకున్నా ఆ తొమ్మిదేళ్ళ పిల్ల చెవిన పడాల్సిందే, మర్నాడు దాని నోట్లోంచి బయటికి రావాల్సిందే.

ఇన్నాళ్ళూ ఏదన్నా రాసుకోవాలంటే ఫోనులో రాసుకునేదాన్ని. ఇవాళ మా ఆఫీసు నడిపే ఇంజినీరుగారు మా తొమ్మిదిమందినీ కూర్చోబెట్టి ఒక జాబితా చూపించారు. నలభై ఒక్క నంబర్లు. నలభై ఒక్క ఫోన్లలో స్పైవేర్ చేరింది. మా ఆఫీసులో దాన్ని చుట్టం అంటాం, పిలవకుండా వచ్చి పొమ్మన్నా పోదు గనక. ఫోను బల్లమీద పెట్టి మన పని మనం చేసుకుంటున్నా ఆ గదిలో మాటలన్నీ వింటుంది. మెసేజీలు చదువుతుంది. మనిషి ఎక్కడెక్కడ తిరిగాడో ఎవరికో చేరవేస్తుంది. దేశం మొత్తానికి ఇలాంటివి కనిపెట్టి జనాన్ని కాపాడాల్సింది మా ఒక్క ఆఫీసే. ఇంజినీరుగారు మామూలుగా మాటకో జోకు వేస్తారు. ఇవాళ ఒక్కటీ వెయ్యలేదు.

ఆ నలభై ఒక్కమందిలో ఎక్కువమంది ఫ్యాక్టరీ గ్యాసు ప్రమాదం విచారణలో సాక్ష్యం చెప్పాల్సినవాళ్ళు. విచారణ ఇరవై నాలుగో తేదీన. పోయిన నెలలో ఒక సాక్షి ఇంట్లోంచి బయటికి వెళ్ళి ఇంతవరకూ తిరిగి రాలేదు. ఆయన నంబరు కూడా జాబితాలో ఉంది.

నా పని ఎప్పటిదే. వాళ్ళకి ఫోన్ చెయ్యాలి. కానీ "మీ ఫోనులో చుట్టం ఉంది" అని ఆ చుట్టం వింటూండగా చెప్పకూడదు. చెబితే క్షణాల్లో ఆనవాళ్ళు తుడిచేసుకుని పోతుంది, మాకు రుజువు మిగలదు. అందుకని అబద్ధం చెప్పి పిలిపించాలి. కళ్ళాసుపత్రి నుంచి మాట్లాడుతున్నానండీ, మీ కళ్ళజోడు తయారైంది. లైబ్రరీ నుంచి మాట్లాడుతున్నానండీ, మీరడిగిన పుస్తకం వచ్చింది. మనిషి వచ్చాక ఫోను బిస్కెట్ల డబ్బాలో పెట్టి, డబ్బా పక్కన రేడియో పెట్టి, ఇంకో గదిలోకి తీసుకెళ్ళి తలుపేసి, అప్పుడు అసలు సంగతి చెబుతాం.

ఒకే మనిషి పదిమందికి మించి ఫోన్ చెయ్యకూడదని ఇంజినీరుగారి నియమం. కానీ నా పక్కసీటావిడ అబద్ధం ఆడుతుంటే వినేవాళ్ళకే జాలేస్తుంది. పద్నాలుగేళ్ళు బస్టాండులో మైకు ముందు కూర్చున్నదాన్ని నేను. "ప్లాట్‌ఫారం మీద సిద్ధంగా ఉంది" అంటే పరిగెత్తనివాళ్ళు లేరు. అన్నీ నేనే చేస్తానన్నాను. ఆయన జాబితా నా వైపు జరిపి, సరే అన్నారు.

నా ఫోను కూడా ఇకనుంచి ఆఫీసు డబ్బాలోనే. ఇంటికి తేను. ఈ పుస్తకం మాత్రం సంచిలో నాతోనే ఉంటుంది.

మార్చి 5, గురువారం

పదకొండు ఫోన్లు చేశాను. పదకొండుమందీ నమ్మారు.

రిటైరైన పంతులుగారొకాయన ఉన్నారు. ఫ్యాక్టరీ వెనక బళ్ళో పనిచేశారు. "మీ కళ్ళజోడు తయారైందండీ" అన్నాను.

"నేను కళ్ళజోడు పెట్టుకోనమ్మా. డెబ్భై రెండేళ్ళొచ్చాయి, ఇప్పటికీ సూదిలో దారం నేనే ఎక్కిస్తాను."

చచ్చాం అనుకున్నాను. కానీ నోరు ఊరుకోదుగా. "అందుకేనండీ. ఆ వయసులో అలాంటి కళ్ళు మా డాక్టరుగారు ఒకసారి చూడాలంటున్నారు."

పొంగిపోయారు. మంగళవారం పొద్దున్నే వస్తానన్నారు. పెట్టేసే ముందు, "నీ గొంతు ఎక్కడో విన్నానమ్మా. బస్టాండులో అనౌన్సుమెంట్లు చెప్పే అమ్మాయివి కదూ?" అన్నారు.

"అందరూ అలాగే అంటారండీ" అని నవ్వేశాను.

ఇక్కడ నిజమే రాసుకోవాలి కదా. లోపల గొప్పగా అనిపించింది.

మార్చి 6, శుక్రవారం

రేపటి మాటలు ముందురోజు నాలుగుసార్లు పైకి అనుకుంటే గానీ నాకు నోటికి రావు. బస్టాండు అలవాటు. అక్క కుట్టిన బట్టలు వేసుకుని చూసుకోవడానికి ముందుగదిలో నిలువుటద్దం పెట్టింది. సాయంత్రం దాని ముందు నిలబడి, "నీళ్ళ మీటరు చూడాలండీ" అని నాలుగు రకాలుగా అన్నాను. అక్క మిషను తొక్కుతూనే, "మూడోది బావుంది. నాలుగోదాంట్లో మరీ వయ్యారం పోయావు" అంది. ఎలక మంచం కింద నుంచి నాలుగోదే అప్పజెప్పింది.

మార్చి 9, సోమవారం

ఇప్పటికి ముప్పై మూడు.

అక్కకి కొత్త పని తగిలింది. ఎవరో బడివాళ్ళట, నలభై మంది పిల్లలకి యూనిఫారాలు కుట్టాలట. నమూనా బొమ్మలు ఫోనుకి పంపారట. "నొక్కితే తెరుచుకోలేదే, మూడుసార్లు నొక్కాను" అంది. మళ్ళీ పంపిస్తార్లే అన్నాను. నేను నా ధ్యాసలో ఉన్నాను.

మార్చి 10, మంగళవారం

ఇవాళ నర్సమ్మ వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయేమో. బక్కపల్చని మనిషి. ఎడమ అరచేతినిండా నీలం సిరాతో అంకెలు. వార్డులో కాగితం వెతుక్కునే తీరిక ఉండదని చేతిమీదే రాసుకోవడం అలవాటట.

నలభై ఒక్కమందిలోనూ ముఖ్యమైన మనిషి ఈవిడే. గ్యాసు లీకైన రోజు రాత్రి ఎనిమిదింటికి లీకైందనీ, వెంటనే సైరన్ మోగించామనీ ఫ్యాక్టరీవాళ్ళు అంటున్నారు. ఆ రోజు మధ్యాహ్నం నాలుగూ పదికే మొదటి మనిషి ఊపిరాడక ఆసుపత్రికి వచ్చాడని నర్సమ్మ అంటోంది. ఆసుపత్రి రిజిస్టరు మాయమైంది. అరచేతి మీద రాసుకుని ఆ రోజే ఇంటికెళ్ళి పుస్తకంలోకి ఎక్కించుకున్న వేళలు మాత్రం ఆవిడ దగ్గర ఉన్నాయి. ఆవిడ మాట నిలబడితే ఆ నాలుగు గంటలకీ ఎవరో ఒకరు జవాబు చెప్పుకోవాలి.

ఫోను డబ్బాలో పెట్టించి, తలుపేసి, సంగతి చెప్పాను.

"అంటే ఇంట్లో నేనేం మాట్లాడినా వాళ్ళకి వినబడుతోందా?"

"ఫోను దగ్గరుంటే వినబడుతుందమ్మా."

"స్నానం చేస్తూ పాడుకుంటాను. ఫోను గుమ్మం పక్కన గూట్లో పెడతాను. అదీ విన్నారా?"

"వినే ఉంటారు."

"వినేవాళ్ళ ఖర్మ" అంది. నవ్వబోయింది గానీ రాలేదు. పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చుంది. "పారెయ్యనా దాన్ని?"

పారెయ్యకూడదని చెప్పాను. పారేస్తే ఆవిడకి తెలిసిపోయిందని వాళ్ళకి అర్థమవుతుంది. మేము చోటు చూసేదాకా వారం రోజులు ఏమీ తెలియనట్టే మసలుకోవాలి. ఎప్పట్లాగే మాట్లాడాలి. "పాట కూడా మానకండి" అన్నాను.

నా వైపు ఒక చూపు చూసింది. అలాంటి మాట ఒక మనిషితో అనాల్సి వచ్చినందుకు నాకే తల కొట్టేసినట్టయింది.

మార్చి 11, బుధవారం

ఇవాళ ఆవిడ పాడి ఉంటుందా?

మార్చి 13, శుక్రవారం

మేము పిలిపించిన ఫోన్లలో ఐదు శుభ్రంగా ఉన్నాయి. మొన్నటిదాకా చుట్టం ఉంది, మనిషి మా గుమ్మం ఎక్కేలోపల తుడిచేసుకుని పోయింది. ఎవరిని పిలుస్తున్నామో వాళ్ళకి ముందే తెలుస్తోంది.

"ఎవరో చెబుతున్నారు" అన్నారు ఇంజినీరుగారు. అందరం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. నాకు మా ఆఫీసు డ్రైవరు మీద అనుమానం. ఈ మధ్య మరీ ఎక్కువ నవ్వుతున్నాడు. ఇంటికొచ్చేటప్పుడు వెనక ఎవరో వస్తున్నట్టనిపించి రెండు వీధులు చుట్టు తిరిగి వచ్చాను. ఎవరూ లేరు.

మార్చి 14, శనివారం

అక్క ఫోను మిషను బల్లమీద ఉంటే కత్తెర కోసం జరిపాను. కాలిపోతోంది. పొద్దున నిండా ఛార్జింగు పెట్టిందట, మధ్యాహ్నానికే అయిపోయిందట. ఎలకని పట్టుకుని కేకలేశాను, ఆటలాడి ఆడి ఫోను తగలేస్తున్నావని. ముట్టుకోలేదని ఏడ్చింది. పాత ఫోను, బ్యాటరీ పోయి ఉంటుంది. మూడేళ్ళయింది కొని. పాత ఫోన్లు అంతే.

మార్చి 16, సోమవారం

ఇవాళ్టిది ఉన్నదున్నట్టు రాస్తాను.

పంతులుగారు ఆఫీసుకి వచ్చారు. ఫోను ఇంట్లోనే పెట్టి, మేము నేర్పినట్టే వచ్చారు. నన్ను చూసి, "నువ్వడిగినవన్నీ చెప్పేశాను కదమ్మా, ఇంకా ఏమన్నా కావాలా అని వచ్చాను" అన్నారు.

"ఏం అడిగానండీ?"

"అదేనమ్మా, శనివారం ఫోన్ చేశావుగా. ఆఫీసులో ఎవరెవరున్నారు, ఫోను ఏ డబ్బాలో పెడతారు, సాక్షుల్లో ఇంకెవరెవరు వచ్చారు అని. పోయిన మంగళవారం వచ్చేటప్పుడు మెట్లమీద ఒక నర్సమ్మ కనబడిందని కూడా చెప్పాను."

శనివారం నేను ఎవరికీ ఫోన్ చెయ్యలేదు.

ఇంజినీరుగారు కుర్చీలో వెనక్కి వాలిపోయారు. తర్వాత మెల్లగా, పిల్లలకి చెప్పినట్టు చెప్పారు. నలభై ఒక్క ఫోన్లలో కూర్చుని వింటున్నది ఒకరే. ఆ ఒక్కరికీ నలభైసార్లు వినబడింది ఒకే ఆడమనిషి గొంతు. ఒకచోట కళ్ళాసుపత్రి, ఒకచోట లైబ్రరీ, ఒకచోట నీళ్ళ మీటరు. వేషాలు మారాయి, గొంతు ఒకటే. ఆ గొంతు వినబడగానే కొన్నిచోట్ల తుడిచేసుకున్నారు, కొన్నిచోట్ల వింటూ కూర్చున్నారు. అంతసేపు గొంతు చేతికి చిక్కితే ఇవాళ కంప్యూటరు ఆ గొంతుతో ఏం కావాలంటే అది మాట్లాడుతుంది. పైగా అది ఊళ్ళో అందరికీ తెలిసిన గొంతు.

"పదిమందికి మించొద్దని నేనే రాసిన నియమం. ఒప్పుకున్నదీ నేనే" అన్నారు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బావుండేది.

ఎవరో చెబుతున్నారనుకున్నాం. చెబుతున్నది నేనే.

డ్రైవరుకి మనసులోనే క్షమాపణ చెప్పుకున్నాను.

మార్చి 17, మంగళవారం

నర్సమ్మని దాచిపెట్టాం. ఆవిడ ఫోను మాత్రం ఇంటికీ ఆసుపత్రికీ తిరుగుతూనే ఉంటుంది, తోటి నర్సు సంచిలో. మనిషి వేరేచోట, మూడో అంతస్తులో, రెండు గదుల ఇంట్లో. ఆ ఇల్లు ఇంజినీరుగారికీ, డ్రైవరుకీ, నాకూ తెలుసు. కాపలా పెట్టలేదు. పెడితే కాపలావాళ్ళకీ ఫోన్లుంటాయి.

అవసరానికని నర్సమ్మకి ఒక చిన్న బటన్ల ఫోను ఇచ్చారు. దాని నంబరు కాగితం మీద ఉండకూడదు, ఆవిడకి ఫోన్ చేసేవాళ్ళు కంఠతా పట్టాలి. ఇంజినీరుగారు ఆ పని వేరేవాళ్ళకి ఇవ్వబోయారు. "ఈవిడే కావాలి. నాకు నిజం చెప్పింది ఈవిడే" అని నర్సమ్మ పట్టుబట్టింది.

"గొంతు నమ్మకూడదు కదా, మరి మీరే అని ఎలా తెలుస్తుంది?" అంది. ఒక గుర్తుమాట పెట్టుకుందామన్నారు ఇంజినీరుగారు. నేను ఫోన్ చేస్తే ముందు ఆ మాట అనాలి, అనకపోతే నేను కాదు. నర్సమ్మ కిటికీ బయట గోడవైపు చూసి ఒక మాట అనుకుంది. పైకి అనలేదు. తన చేతిమీద రాసి నాకు చూపించింది. "మీరూ రాయండి, సరిగా చదివారో లేదో" అని కుడి అరచెయ్యి చాపింది. రాశాను. "మీ అక్షరాలు వెనక్కి వాలిపోయాయి, గోడకి ఆనుకుని నిలబడ్డట్టు" అంది. వెళ్ళి చేతులు కడుక్కుని వచ్చింది.

ఆ మాట ఇక్కడ కూడా రాయను.

మార్చి 18, బుధవారం

ఇళ్ళలో ఫోన్లు కూడా తెమ్మన్నారు ఇంజినీరుగారు, పరీక్ష చేస్తారట. అందరూ తెచ్చారు. పక్కసీటావిడ వాళ్ళ అత్తగారి ఫోను కూడా తెచ్చింది.

అక్క ఫోను తేలేదు. కొలతలూ, ఎవరికి ఎప్పుడు ఇవ్వాలో, అంతా అందులోనే ఉంది. మూడు రోజులు ఇచ్చెయ్యమంటే ఇల్లు పీకి పందిరేస్తుంది. నేను చూశానండీ, బాగానే ఉంది అని చెప్పాను. అబద్ధం కాదు. చూశాను. చేతిలోకి తీసుకుని చూశాను.

నంబరు వచ్చేసింది. పది అంకెలూ.

మార్చి 19, గురువారం

నేను ఎక్కడా పైకి అనలేదు. నంబరు కూడా మనసులోనే అనుకున్నాను. దాదాపు మనసులోనే.

మార్చి 20, శుక్రవారం

అనలేదు.

మార్చి 21, శనివారం

వారం రోజులే అనుకున్నాం, ఇంకా మూడున్నాయి. మెట్లమీద అడుగుల చప్పుడైతే మిషను ఆపమని అక్కకి సైగ చేస్తున్నాను. "నీకేమైందే, పిల్ల జడుసుకుంటోంది" అంది. ఏమీ కాలేదన్నాను. మంగళవారం ఆవిడ సాక్ష్యం చెప్పేస్తే నేను మామూలు మనిషినైపోతాను.

మార్చి 22, ఆదివారం

మూడో అంతస్తు మెట్లమీద కూర్చుని రాస్తున్నాను. మూడుంబావు అయింది. త్వరగా రాయాలి, కానీ అన్నీ రాయాలి.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఎలక ముందుగదిలో గళ్ళు గీసుకుని గెంతుతోంది. గెంతుకో మాట అంటోంది.

"నత్తగుల్ల. నత్తగుల్ల. నత్తగుల్ల."

అది మా గుర్తుమాట. "ఎక్కడ విన్నావే ఆ మాట?" అన్నాను.

"నువ్వే కదా పిన్నీ, అద్దం ముందు రోజూ అంటావు. నత్తగుల్ల, తర్వాత నంబరు. నాకు నంబరు కూడా వచ్చు." చెప్పింది. పది అంకెలూ, నా గొంతులాగే, బస్టాండులో బస్సు నంబరు చెప్పినట్టు.

అక్క ఫోను మిషను బల్లమీద ఉంది, అద్దానికి రెండడుగుల దూరంలో. ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. దాంట్లో ఎవరూ మాట్లాడటం లేదు, ఎవరూ ఆడుకోవడం లేదు, అది మాత్రం కాలిపోతోంది. మూడేళ్ళుగా రోజుకి పదిమందికి నేనే చెబుతున్నాను, ఊరికే వేడెక్కితే అనుమానించండీ అని. ఆ బడి పేరేమిటని అక్కని కాగితం మీద రాసి అడిగాను. తెలియదు, మళ్ళీ ఫోనే చెయ్యలేదు అని రాసింది. ఫోను కదపొద్దు, మాట్లాడొద్దు, నువ్వే స్వయంగా ఇంజినీరుగారింటికి వెళ్ళి ఈ కాగితం చూపించు అని రాసిచ్చాను. అక్క ఒక్క ప్రశ్న వెయ్యకుండా చెప్పులేసుకుంది. నా మొహం అలా ఉంది కాబోలు. ఆయన ఇల్లు ఊరికి ఆ చివర. వచ్చేసరికి గంటన్నర పడుతుంది.

నేను దొరికిన బండెక్కి ఇక్కడికి వచ్చాను. తలుపు కొట్టాను.

"ఎవరు?"

"నేనేనమ్మా."

తలుపుకి ఆనుకుని మాట్లాడింది. "పొద్దున ఫోన్ చేశారుగా. మాట కూడా చెప్పారు. ఈ ఇల్లు వాళ్ళకి తెలిసిపోయింది, నాలుగింటికల్లా బస్టాండులో పన్నెండో ప్లాట్‌ఫారం దగ్గరికి రమ్మన్నారు. మళ్ళీ ఎందుకొచ్చారు?"

"అది నేను కాదమ్మా."

"అలాగే అంటారని కూడా చెప్పారు. మీ గొంతుతోనే ఎవరో గుమ్మంలోకి వస్తారు, అది నేను కాదంటారు, తలుపు తియ్యొద్దు అన్నారు."

నేను అనబోయే ప్రతి మాటా నాకంటే ముందు వచ్చి చెప్పేసి పోయారు.

తలుపుకి చూసే కంత లేదు. నన్ను చూడాలంటే తీసి చూడాలి, తీస్తే అయిపోయిందని ఆవిడ భయం. ఆఫీసు కార్డు తలుపు కిందనుంచి తోశాను. వెనక్కి తోసేసింది. "కార్డులు ఎవరైనా చేయిస్తారు." గుర్తుమాట చెప్పాను. "అది పొద్దునే చెప్పేశారు" అంది. ఏడుస్తోందని గొంతులో తెలుస్తోంది. నేను మాట్లాడేకొద్దీ ఆవిడ భయం పెరుగుతోంది. ఆ గొంతే కదా పొద్దున విన్నది.

వంటింటి వెనక ఇనప మెట్లున్నాయి. నేను అటు పోతే ఆవిడ ఇటునుంచి వెళ్ళిపోతుంది. ఇక్కడే ఉంటే అటునుంచి వెళ్ళిపోతుంది. బస్టాండు ఇక్కడికి పది నిమిషాలు. ఆవిడ మూడూ నలభై ఐదుకి బయల్దేరుతుంది. నా గొంతు విని పద్నాలుగేళ్ళు జనం ఆ ప్లాట్‌ఫారాలకి పరిగెత్తారు. ఇప్పుడు ఈవిడ కూడా.

ఇక మాట్లాడను.

నర్సమ్మా, ఈ పుస్తకం ఎవరికీ చూపించాలని రాసుకున్నది కాదు. ముందున్న లెక్కలు నా అక్క కూతురివి. వెనకనుంచి చదవండి. పదో తేదీ చదవండి. ఆ రోజు ఆ గదిలో ఏ ఫోనూ లేదు. మీరు పాట గురించి అడిగిందీ, వినేవాళ్ళ ఖర్మ అన్నదీ మనిద్దరికే తెలుసు. తర్వాత పద్దెనిమిదో తేదీ చదవండి. అక్కడ మీకు అపకారం చేసింది వాళ్ళు కాదు, నేను. మీ మాటనీ మీ నంబరునీ వాళ్ళ చేతిలో పెట్టింది నా నోరే. నా అక్షరాలు వెనక్కి వాలి ఉన్నాయో లేదో చూడండి.

నన్ను నమ్మకపోయినా సరే. తలుపు తియ్యకపోయినా సరే. బస్టాండుకి మాత్రం వెళ్ళకండి.

3:36. పుస్తకం తలుపు కిందనుంచి వచ్చింది.
3:41. పదో తేదీ చదివాను. అక్షరాలు పోల్చుకున్నాను.
3:44. పద్దెనిమిదో తేదీ చదివాను. దానికి మిమ్మల్ని క్షమించలేదు.
3:45. తలుపు తీస్తున్నాను.

మార్చి 24, మంగళవారం

నర్సమ్మ రెండు గంటలు మాట్లాడింది. నాలుగూ పది, నాలుగూ పదిహేడు, నాలుగూ ఇరవై రెండు. ఒక్కచోట కూడా తడబడలేదు. నేను చివరి బెంచీలో కూర్చున్నాను. బయటికి వెళ్తూ నా దగ్గర ఆగింది. పుస్తకం నా ఒళ్ళో పెట్టి వెళ్ళిపోయింది. తను రాసిన ఆ నాలుగు వరసలూ చించుకుంటుందనుకున్నాను, అలాగే ఉంచింది.

ఆదివారం నర్సమ్మ తలుపు తీశాక నేను కబురు చేస్తే, నాలుగింటికి డ్రైవరు బస్టాండుకి వెళ్ళి దూరంగా నిలబడ్డాడట. పన్నెండో ప్లాట్‌ఫారం పక్కన ఒక తెల్ల వ్యాను, ఇంజను ఆపకుండా, పక్క తలుపు తెరిచి ఉందట. నాలుగూ ఇరవైకి తలుపు మూసుకుని వెళ్ళిపోయిందట. నంబరు రాసుకున్నాడు. అలాంటి నంబరు ఏ బండికీ లేదని తేలింది. ఎవరో తెలియలేదు. తెలుస్తుందని ఇంజినీరుగారు కూడా అనడం లేదు.

ఆయనకి అంతా చెప్పేశాను. అక్క ఫోను డబ్బాలో ఉంది. ఫోన్లన్నీ ఇక పక్కసీటావిడ చేస్తుంది. ఆవిడకి అబద్ధం చేతకాకపోవడమే ఇప్పుడు మంచిదట.

ఇంట్లో నేను పెద్దగా మాట్లాడటం లేదు. ఎలక కథ చెప్పమంటే పలకమీద రాసి చూపిస్తున్నాను. అది చదివి తనకి తనే చెప్పుకుంటోంది.

ఇవాళ పంతులుగారు ఆఫీసుకి వచ్చారు. నిన్న సాయంత్రం ఆయనకి మళ్ళీ నేను ఫోన్ చేశానట. ఆరోగ్యం ఎలా ఉందని అడిగానట. నర్సమ్మ క్షేమంగా ఇల్లు చేరిందా అని కూడా అడిగానట. చాలా మర్యాదగా మాట్లాడానట.